మనిషి మనీలాలో, పెన్షన్ క్లీవ్‌లాండ్‌లో: ఒక కేస్ స్టడీ

2019 జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం ఆవిడ టెక్సాస్ రాష్ట్రం శాన్ ఆంటోనియోలో మా లాయరు ఆఫీసుకి వచ్చారు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. అందులో విడాకుల డిక్రీ, పాప బర్త్ సర్టిఫికెట్, బ్యాంకు కాగితాలు, మాజీ భర్త రిటైర్మెంట్ ఆర్డరు జిరాక్సు ఉన్నాయి. కూర్చోగానే ఒకే మాట అడిగారు: "అతని పెన్షన్ ఆపించగలరా అండీ?"

ఆవిడది తాడేపల్లిగూడెం వైపు. నర్సుగా అమెరికా వచ్చి ఇక్కడే పెళ్ళి చేసుకున్నారు. అతను అమెరికనే. అమెరికా ఎయిర్ ఫోర్స్‌లో ఇరవై ఏళ్ళు పనిచేసి 2016లో మాస్టర్ సార్జెంట్ హోదాలో రిటైరయ్యాడు. 2004లో పెళ్ళి, 2018 మార్చిలో విడాకులు. పాపకి అప్పుడు ఎనిమిదేళ్ళు. డిక్రీలో అన్నీ ఉన్నాయి: చైల్డ్ సపోర్ట్ (పాప పోషణ ఖర్చు) నెలకి 500 డాలర్లు, అతని మిలటరీ పెన్షన్‌లో ఆవిడకి 30 శాతం, అతను చనిపోతే ఆవిడకి ఫ్యామిలీ పెన్షన్. కాగితం మీద లోటేమీ లేదు.

మూడు నెలలు బాగానే కట్టాడు. జూలైలో తను చేస్తున్న చిన్న ఉద్యోగం మానేశాడు. జీతంలోంచి కోత పడి వచ్చే చైల్డ్ సపోర్ట్ దాంతో ఆగిపోయింది. ఆవిడ పాత లాయరు కోర్టు ధిక్కారం కింద పిటిషన్ వేశారు, నోటీసు అతని చేతికే అందింది. అక్టోబరులో హియరింగ్. దానికి వారం ముందు అతను విమానం ఎక్కి మనీలా వెళ్ళిపోయాడు. హియరింగ్‌కి రాలేదు కాబట్టి జడ్జి అరెస్ట్ వారంట్ ఇచ్చారు. ఆ వారంట్ టెక్సాస్ పోలీసుల కంప్యూటర్లో ఉంది. మనిషి పసిఫిక్ మహాసముద్రం అవతల ఉన్నాడు.

ఈ కేసు రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. చట్టం, వరస, మేం చేసిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను. మిలటరీలో పనిచేసిన వాళ్ళని పెళ్ళి చేసుకున్న తెలుగు ఆడపిల్లలు ఇప్పుడు టెక్సాస్‌లో, వర్జీనియాలో చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికి సమయానికి పనికొచ్చినా చాలు.

పెన్షన్ ఆపించడం అంటే

ఆ రోజు ఆవిడ నా ఎదురుగానే ఇండియాలో వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. ఆయన మన ఆర్మీలో హవల్దార్‌గా చేసి రిటైరైన మనిషి. "మా యూనిట్‌లో ఒకడు ఇంటికి డబ్బు పంపకపోతే వాడి భార్య కమాండింగ్ ఆఫీసరు గారికి ఉత్తరం రాసిందమ్మా. జీతంలోంచే కోసి పంపారు. మీ దగ్గర ఆ మాత్రం లేదా? మొత్తం పింఛను ఆపించెయ్యండి, వాడే పరిగెత్తుకుంటూ వస్తాడు" అన్నారు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. మన ఆర్మీ చట్టం, 1950లో భార్యాపిల్లల పోషణ కోసం జీతంలో కోత పెట్టే అధికారం ఉంది. కానీ అది సర్వీసులో ఉన్నవాళ్ళ జీతం సంగతి. పెన్షన్ దగ్గరికి వచ్చేసరికి, 1871 నాటి పెన్షన్ల చట్టం పదకొండో సెక్షన్ దాన్ని అప్పులవాళ్ళ జప్తు నుంచి కాపాడుతుంది. అక్కడా ఒక్క ఉత్తరంతో తేలే పని కాదు.

అమెరికాలో పరిస్థితి వేరు. ఇక్కడ మిలటరీ పెన్షన్‌ని చట్టం పెన్షన్ అనదు, రిటైర్డ్ పే అంటుంది. అతనిలా పూర్తి సర్వీసు చేసి రిటైరైన మనిషి పేరు రిటైర్డ్ జాబితాలో ఉంటుంది. అవసరమైతే వెనక్కి పిలవచ్చు. సైనిక న్యాయ స్మృతి కూడా అతనికి ఇంకా వర్తిస్తుంది. అందుకే చాలామంది, పారిపోయాడని తెలిస్తే ఎయిర్ ఫోర్సే పెన్షన్ ఆపేస్తుందని అనుకుంటారు.

ఆపే చట్టం ఉంది. అది ఎవరి కోసం పుట్టిందో తెలిస్తే మనకి ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది. విదేశాంగ శాఖలో పెద్ద పదవిలో పనిచేసిన ఆల్జర్ హిస్ మీద సోవియట్ గూఢచారి అన్న ఆరోపణ వచ్చి, చివరికి 1950లో అబద్ధపు సాక్ష్యం కింద శిక్ష పడింది. అలాంటి మనిషికి ప్రభుత్వ పెన్షన్ ఎలా ఇస్తారని దేశమంతా గొడవైంది. దాంతో 1954లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, ఒక చట్టం చేసింది. జనం నోట్లో ఇప్పటికీ అది హిస్ చట్టమే. 1961లో దాని పరిధి కుదించి, దేశద్రోహం, గూఢచర్యం లాంటి దేశ భద్రత నేరాలకే పరిమితం చేశారు. 1972లో కోర్టు, హిస్‌కి ఈ చట్టం వర్తించదని తేల్చింది, ఎందుకంటే అతని నేరం చట్టం కన్నా ముందుది.

ఆ చట్టంలోనే, విచారణ తప్పించుకోవడానికి దేశం బయట ఉండిపోయేవాళ్ళ గురించి ఒక సెక్షన్ ఉంది. ఆ రకం నేరంలో అభియోగం నమోదై, ఆ సంగతి తెలిసి కూడా, కావాలనే ఏడాదికి మించి అమెరికా బయట ఉంటే పెన్షన్ ఆగిపోతుంది. అభియోగం కొట్టేసే వరకో, నిర్దోషి అని తేలే వరకో ఆగే ఉంటుంది. ఊరికే తిరిగొచ్చి విమానం దిగినంత మాత్రాన పెన్షన్ మొదలవదు. ఇంకో మాట కూడా అదే సెక్షన్‌లో ఉంది, దాన్ని ఆవిడకి రెండుసార్లు చదివి వినిపించాను: ఆ మనిషికే కాదు, అతని వారసులకీ, అతని మీద ఆధారపడి లబ్ధి పొందేవాళ్ళకీ డబ్బు ఇవ్వకూడదు.

1996లో ఇంకో అడుగు పడింది. ఆ సంవత్సరం సెప్టెంబరులో వచ్చిన రక్షణ అధికార చట్టంలో, క్రిమినల్ విచారణనే కాదు, సివిల్ బాధ్యతని తప్పించుకోవడానికి కావాలని విదేశంలో ఉండిపోయే మాజీ సైనికుల రిటైర్డ్ పేని జప్తు చేసేందుకు ఒక పద్ధతి తయారు చేయమని కాంగ్రెస్ రక్షణ మంత్రిని ఆదేశించింది. సివిల్ బాధ్యత అన్న మాట చూసి, చైల్డ్ సపోర్ట్ కూడా అందులోకి వస్తుందిగా అని ఆవిడ ఆశగా అడిగారు. మాటల వరకు వస్తుంది. కానీ నా ప్రాక్టీసులో చైల్డ్ సపోర్ట్ బాకీ కోసం ఆ దారిలో ఒక్కరి పెన్షన్ ఆగడం కూడా నేను చూడలేదు. ఒకవేళ ఆగిందే అనుకుందాం. ఆగిన డబ్బు ఎక్కడికి పోతుంది? ప్రభుత్వ ఖజానాలోనే ఉంటుంది, పాప స్కూలు ఫీజుకి రాదు.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి వాడు హాయిగా అక్కడ తింటూ ఉండాలా?" అన్నారు. ఆ కోపం న్యాయమైనదే. ముందే ఇద్దరం ఒక నిర్ణయానికి రాకపోతే ఆ కోపమే కేసుని నడిపిస్తుంది. అందుకే కాగితం మీద రాసి చూపించాను: అతని పెన్షన్ నెలకి 2,300 డాలర్లు. అది మనీలాలో పుట్టడం లేదు. ఒహాయోలోని క్లీవ్‌లాండ్ నుంచి, రక్షణ శాఖ లెక్కలు చూసే డీఫాస్ అనే సంస్థ నుంచి వస్తోంది. మనిషిని మనం పట్టుకోలేం. ఆ డబ్బు అమెరికా గడప దాటకముందే మన వాటా మళ్ళించుకోగలం. నల్లా కట్టేయడం కాదు, పిల్లకాలవ తవ్వుకోవడం.

మూడు కవర్లు, రెండు నెలల గడువు

డిక్రీ తిరగేస్తుంటే నా గుండె జారింది. 2018 మార్చిలో వచ్చిన డిక్రీ అది. పది నెలలుగా ఎవరూ ఒక్క కాగితం కూడా డీఫాస్‌కి పంపలేదు. పెన్షన్‌లో 30 శాతం ఆవిడదని కోర్టు రాసింది, కానీ కోర్టు రాస్తే డీఫాస్‌కి దానంతట అది తెలియదు. మనం పంపాలి. పాత లాయర్ని నిందించి లాభం లేదు, విడాకుల లాయర్లలో మిలటరీ కేసులు రోజూ చూసేవాళ్ళు తక్కువ.

నన్ను అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఫ్యామిలీ పెన్షన్. ఇక్కడ దాన్ని ఎస్‌బీపీ అంటారు. రిటైర్డ్ పే మనిషితో పాటే చచ్చిపోతుంది. అతను మనీలాలో రోడ్డు ప్రమాదంలో పోయినా, ఆ నెలతో ఆవిడ 30 శాతం కూడా ఆఖరు. ఎస్‌బీపీ ఉంటేనే తర్వాత కూడా డబ్బు వస్తుంది, ఆధారంగా పెట్టిన మొత్తంలో 55 శాతం. రిటైరైనప్పుడు అతను భార్య పేరు మీద పూర్తి మొత్తానికి పెట్టాడు. విడాకులతో ఆవిడ భార్య కాకుండా పోయారు, కాబట్టి మాజీ భార్య కింద మళ్ళీ మార్పించాలి. ఆ పని అతను చేయాలి, చేయడు. అలాంటప్పుడు మాజీ భార్యే నేరుగా అడిగే వీలుంది. కానీ కోర్టు ఆర్డరు తేదీ నుంచి ఏడాదిలోపు ఆ దరఖాస్తు డీఫాస్‌కి చేరాలి. ఒక్క రోజు దాటినా హక్కు పోతుంది. మాకు మిగిలింది రెండు నెలలు.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటి చెప్పాలి. పెన్షన్ వాటా కోసం కాగితాలు వెళ్ళే విభాగం వేరు, ఎస్‌బీపీ కాగితాలు వెళ్ళే విభాగం వేరు. సంస్థ ఒక్కటే కదా అని అన్నీ ఒకే కవర్లో పెట్టి పంపితే, వాటా మొదలవుతుంది, ఎస్‌బీపీ గడువు చప్పుడు లేకుండా దాటిపోతుంది. భర్త చనిపోయాక గానీ ఆ సంగతి బయటపడదు. అలా జరిగిన ఒక ఆవిడ ఇంతకుముందు నా దగ్గరికి వచ్చారు. అప్పటికి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. అది ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు.

అందుకని ఆ సోమవారమే మూడు కవర్లు వేరువేరుగా వెళ్ళాయి. మొదటిది ఎస్‌బీపీ, డీడీ 2656-10 ఫారం, డిక్రీ సర్టిఫైడ్ కాపీతో, రిజిస్టర్డ్ పోస్టులో. రెండోది చైల్డ్ సపోర్ట్ కోసం ఇన్‌కమ్ విత్‌హోల్డింగ్ ఆర్డరు, అంటే రాబడిలోంచే కోసి పంపమనే ఆర్డరు. మూడోది పెన్షన్‌లో 30 శాతం కోసం డీడీ 2293 ఫారం. ఈ మూడోదానికి జతచేసే డిక్రీ కాపీ మీద కోర్టు క్లర్కు ముద్ర తొంభై రోజుల లోపుది అయి ఉండాలి. ఆవిడ దగ్గరున్న కాపీ పది నెలలది. కోర్టుకి పరిగెత్తి కొత్త కాపీ తెచ్చుకున్నాం.

పెన్షన్ వాటా నేరుగా డీఫాస్ నుంచి రావాలంటే పెళ్ళి కనీసం పదేళ్ళు నిలవాలి, ఆ పదేళ్ళూ అతని సర్వీసు పదేళ్ళతో కలవాలి. దీన్ని టెన్ బై టెన్ రూల్ అంటారు. మన కేసులో 2004 నుంచి 2016 వరకు పన్నెండేళ్ళు కలిశాయి. ఆవిడ వాటా 30 శాతం ఎలా వచ్చిందంటే, ఇరవై ఏళ్ళ సర్వీసులో పన్నెండేళ్ళు కాపురంలో గడిచాయి, అందులో సగం ఆవిడది. చైల్డ్ సపోర్ట్‌కి ఈ పదేళ్ళ నిబంధన లేదు. పెళ్ళై ఏడాదే అయినా, అసలు పెళ్ళే కాకపోయినా, బిడ్డ హక్కు బిడ్డదే.

పరిమితులు కూడా ఉన్నాయి. వాటా పంపకం కింద పెన్షన్‌లో సగానికి మించి ఇవ్వరు. పోషణ బాకీలన్నీ కలిపినా 65 శాతం దాటకూడదు. మా లెక్క ఇలా వచ్చింది: ఎస్‌బీపీ ప్రీమియం పోగా మిగిలే 2,150 డాలర్లలో ఆవిడ వాటా 645. చైల్డ్ సపోర్ట్ 500, పాత బాకీ కింద నెలకి 100. మొత్తం 1,245. పన్ను పోయాక కూడా గీతకి ఇవతలే ఉన్నాం.

వాటా కాగితాలు అందాక ముప్పై రోజుల్లోపు డీఫాస్ అతనికి తెలియజేస్తుంది. ఆర్డరు మీద స్టే ఉందనో, రద్దయిందనో చూపించడానికి అతనికీ గడువు ఉంటుంది. ఆ నోటీసు అందగానే అతను ఆవిడకి ఈమెయిల్ రాశాడు. అందులోని మాటలు ఇక్కడ రాయను. కోర్టులో మాత్రం ఏమీ వేయలేదు. వేయాలంటే టెక్సాస్ కోర్టు ముందుకి రావాలి, అక్కడ వారంట్ కూర్చుని ఉంది.

ఫిబ్రవరి చివర్లో ఎస్‌బీపీ మార్పు నమోదైందని ఉత్తరం వచ్చింది. గడువుకి ఇంకా మూడు వారాలుంది. ఏప్రిల్‌లో చైల్డ్ సపోర్ట్ మొదలైంది, మేలో 30 శాతం వాటా వచ్చింది. అంతకుముందు ఏడాది పాటు పోయిన వాటా, దాదాపు 8,400 డాలర్లు, డీఫాస్ ఇవ్వదు. వాటా విషయంలో అది ముందుకే చూస్తుంది, వెనక్కి చూడదు. ఆ మొత్తానికి కోర్టు నుంచి విడిగా తీర్పు తెచ్చుకున్నాం. అది ఈ రోజుకీ వసూలు కాలేదు. పది నెలల ఆలస్యం ఖరీదు అది.

జైలు సంగతి ఎందుకు పక్కన పెట్టాను

ఈ మధ్యలో బంధువులు, స్నేహితులు అందరూ ఒకటే మాట: "క్రిమినల్ కేసు పెట్టించండి." చట్టాలు లేక కాదు. టెక్సాస్‌లో చైల్డ్ సపోర్ట్ ఎగ్గొట్టడం ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. 1998లో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, బాకీ తప్పించుకోవాలని రాష్ట్రం దాటినా దేశం దాటినా, ఆ బాకీ ఏడాదికి మించినా 5,000 డాలర్లు దాటినా నేరమే. అమెరికా, ఫిలిప్పీన్స్ మధ్య నేరస్తుల అప్పగింత ఒప్పందం కూడా ఉంది. కానీ నాలుగున్నర వేల డాలర్ల చైల్డ్ సపోర్ట్ బాకీ కోసం ఒక మనిషిని మనీలా నుంచి రప్పిస్తారని ఆవిడకి చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఇంకా పెద్ద కారణం వేరే ఉంది. గాయపడ్డ, జబ్బుపడ్డ మాజీ సైనికులకి వీఏ, అంటే వెటరన్స్ అఫైర్స్ శాఖ, పరిహారం ఇస్తుంది. 2001లో వచ్చిన సవరణ ప్రకారం, ఫెలనీ కేసు తప్పించుకుని తిరిగే మనిషికి ఆ పరిహారం ఆగిపోతుంది. అతని ద్వారా ఆశ్రితులకి వచ్చేది కూడా ఆగిపోతుంది. అతనికి వెన్నునొప్పి ఉందని, ఏదో ఒక రోజు వీఏకి దరఖాస్తు పెడతాడని ఆవిడ మొదటి రోజే చెప్పారు. పెన్షన్‌లో కొంత వీఏ వైపు మారితే (ఎలాగో కింద చెబుతాను), అప్పుడు ఫెలనీ వారంట్ ఉంటే, ఆ భాగం మొత్తం ఎవరికీ కాకుండా ఆరిపోతుంది. జైలు కావాలా, నెల నెలా డబ్బు కావాలా అని నేను ఆవిడని సూటిగానే అడిగాను. "పాపకి పళ్ళకి క్లిప్పులు పెట్టించాలండీ" అన్నారు. దాంతో ఆ చర్చ అక్కడితో ఆగింది.

క్రిమినల్ కేసు ఎప్పుడూ వద్దని నేను అనను. హింస ఉన్న చోట, బిడ్డని ఎత్తుకుపోయిన చోట లెక్క పూర్తిగా మారిపోతుంది. ఇక్కడ అలాంటిది లేదు. ఇక్కడున్నది డబ్బు ఎగ్గొట్టడం.

వీఏ మలుపు

ఆవిడ చెప్పినట్టే అయింది. 2020లో అతను దరఖాస్తు పెట్టాడు. అమెరికా బయట వీఏకి ప్రాంతీయ కార్యాలయం ఉన్నది ఒక్క మనీలాలోనే, అతనికి దూరం కూడా పోనక్కరలేకపోయింది. 40 శాతం వైకల్యం రేటింగ్ వచ్చింది, నెలకి ఆరొందల పైచిలుకు డాలర్లు.

దీని పర్యవసానం అర్థం కావాలంటే ఒక మెలిక తెలియాలి. 50 శాతం కన్నా తక్కువ రేటింగ్ ఉన్న రిటైరీ, వీఏ డబ్బు తీసుకోవాలంటే అంతే మొత్తం రిటైర్డ్ పే వదులుకోవాలి. వీఏ డబ్బుకి పన్ను లేదు కాబట్టి అందరూ సంతోషంగా వదులుకుంటారు. కానీ అలా వదులుకున్న మొత్తం పంపకానికి దొరకదు. ఆవిడ 30 శాతం, తగ్గిన పెన్షన్ మీద లెక్క కట్టడంతో నెలకి సుమారు 185 డాలర్లు పడిపోయింది. "కోర్టు ఇచ్చిన వాటాని వాడు ఒక ఫారంతో ఎలా తగ్గిస్తాడు?" అని ఆవిడ అడిగారు. నిజంగానే అలా తగ్గించగలడు. ఆ లోటు భర్తే పూడ్చాలని రాష్ట్ర కోర్టు ఆదేశించకూడదని 2017లో హోవెల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ తీర్పు మాజీ భార్యలకి అన్యాయం చేసిందని నా గట్టి నమ్మకం. ఏళ్ళ తరబడి ఒక బేస్ నుంచి ఇంకో బేస్‌కి సామాను మోసుకుంటూ, తన ఉద్యోగం మానుకుంటూ, మళ్ళీ వెతుక్కుంటూ తిరిగిన మనిషి వాటాని అవతలివాడి ఒక్క సంతకం తగ్గించేయడం న్యాయమని ఎవరైనా అనగలరా?

చైల్డ్ సపోర్ట్ సంగతి వేరు. వీఏ డబ్బు కుటుంబం కోసం కూడానని 1987లోనే సుప్రీంకోర్టు రోజ్ కేసులో చెప్పింది. రిటైర్డ్ పే వదులుకుని దాని బదులు తీసుకున్న వీఏ డబ్బు ఎంతో, అంత మేరకు పిల్లల పోషణ కోసం గార్నిష్ చేయవచ్చు, అంటే అతని చేతికి రాకముందే కోసి మళ్ళించవచ్చు. ఇక్కడే నేను తప్పు చేశాను. పెన్షన్ తగ్గేసరికి 65 శాతం గీత కిందికి జారి, పాత బాకీ వంద డాలర్లు డీఫాస్ నుంచి రావడం ఆగింది. వీఏకి పంపాల్సిన ఆర్డరుని నేను సరైన కార్యాలయానికి కాకుండా, పాత చిరునామాకి పంపాను. పైగా ఎంత మొత్తం వదులుకున్నాడో చూపించే కాగితం జతచేయలేదు. మళ్ళీ అన్నీ సరిచేసి పంపి, డబ్బు మొదలయ్యేసరికి తొమ్మిది నెలలు పోయాయి. అప్పటి నుంచి ప్రతి మిలటరీ ఫైలులో వీఏ కోసం ఒక ఆర్డరు డ్రాఫ్ట్ మొదటి రోజే సిద్ధం చేసి పెడుతున్నాను.

2022లో అతను రేటింగ్ పెంచమని మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. ఈసారి 60 శాతం వచ్చింది. ఇరవై ఏళ్ళ సర్వీసు ఉండి రేటింగ్ 50 శాతం, ఆపైన ఉంటే, వదులుకున్న రిటైర్డ్ పే మళ్ళీ పూర్తిగా ఇచ్చే పథకం ఉంది. 2004లో మొదలై, దశలవారీగా 2014కి పూర్తిగా అమలైంది. అలా తిరిగి వచ్చింది రిటైర్డ్ పేనే కాబట్టి పంపకానికి దొరుకుతుంది. ఆవిడ 30 శాతం మళ్ళీ పాత మొత్తానికి చేరింది. మేము ఒక్క కాగితం కూడా వేయలేదు. ఆ నెల బ్యాంకు మెసేజ్ చూసి, ఏదో పొరపాటు పడిందేమో, వెనక్కి కట్టమంటారేమో అని ఆవిడ భయపడి ఫోన్ చేశారు.

పాస్‌పోర్టు

చైల్డ్ సపోర్ట్ బాకీ 2,500 డాలర్లు దాటితే, రాష్ట్రం ఆ పేరుని ఫెడరల్ ప్రభుత్వానికి పంపుతుంది. విదేశాంగ శాఖ కొత్త పాస్‌పోర్టు ఇవ్వదు. 2019 జనవరికే అతని బాకీ 3,500. టెక్సాస్ అటార్నీ జనరల్ చైల్డ్ సపోర్ట్ విభాగం ద్వారా అప్పుడే పేరు ఎక్కించాం. ఆ రోజు ఆవిడకి దానివల్ల పెద్ద లాభం కనిపించలేదు. పాస్‌పోర్టు అతని జేబులోనే ఉందిగా! నేను అడిగింది ఒక్కటే, అది ఎప్పుడు ఇచ్చారని. 2012లో అన్నారు. పదేళ్ళ పాస్‌పోర్టు. అంటే 2022.

పెన్షన్ ఆపే చట్టాలు చేయలేని పని ఈ చిన్న నిబంధన చేసింది. విదేశంలో పాస్‌పోర్టు గడువు అయిపోతే, బాకీ ఉన్న మనిషికి ఎంబసీ ఇచ్చేది నేరుగా అమెరికా తిరిగి రావడానికి సరిపడే తాత్కాలిక పాస్‌పోర్టు మాత్రమే. అమెరికా వస్తే వారంట్ ఉంది. మనీలాలో ఉందామంటే వీసా పొడిగింపుకి చెల్లే పాస్‌పోర్టు కావాలి. ఒకసారి పేరు ఎక్కాక, బాకీ 2,500 కన్నా కిందికి దిగినంత మాత్రాన అది దానంతట అది పోదు, రాష్ట్రం తీయించాలి.

2022 ఆగస్టులో ఆవిడకి అతని దగ్గర్నుంచి మూడేళ్ళ తర్వాత మొదటి మర్యాదైన ఈమెయిల్ వచ్చింది. ఎంత కట్టాలో చెప్పమని. మిగిలిన బాకీ, ఆరు శాతం వడ్డీ, పాప పంటి వైద్యంలో అతని భాగం, అన్నీ కలిపి 2,300 డాలర్ల పైన. పది రోజుల్లో మొత్తం కట్టాడు. రాష్ట్రం పేరు తీసేసింది. మాకు రావాల్సిన 8,400 తీర్పు బాకీ మాత్రం చైల్డ్ సపోర్ట్ కాదు, ఆస్తి పంపకం. దానికి పాస్‌పోర్టు నిబంధన వర్తించదు. అది కూడా కట్టిస్తేనే పేరు తీయమని పట్టుబట్టమని ఆవిడ తమ్ముడు అన్నారు. అలా చేయడం చట్టం కాదు, నేను చేయనన్నాను.

అతను తిరిగి రాలేదు. వారంట్ అలాగే ఉంది. పాప ఇప్పుడు హైస్కూల్‌లో ఉంది. చైల్డ్ సపోర్ట్ 2028 వరకు వస్తుంది, 30 శాతం అతను బతికి ఉన్నంత కాలం వస్తుంది.

ఈ ఏడాది మొదట్లో ఆవిడ మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి గొంతు వేరుగా ఉంది. ఒకాయన పరిచయమయ్యారట, పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నారట, పెన్షన్ ఏమవుతుందో కనుక్కుందామని. పెన్షన్‌లో 30 శాతం పెళ్ళి చేసుకున్నా ఆగదు, అది ఆస్తి. కానీ 55 ఏళ్ళ లోపు పెళ్ళి చేసుకుంటే, ఎస్‌బీపీ మీద ఆవిడకి హక్కు ఆగిపోతుంది. ఆ కొత్త పెళ్ళి చావుతోనో విడాకులతోనో ముగిస్తే తప్ప తిరిగి రాదు. ఆవిడకి ఇప్పుడు నలభై ఆరు. అతను రేపు పోతే, నెలకి కనీసం 1,265 డాలర్లు, పెరిగే ధరలతో పాటు పెరుగుతూ, ఆవిడ జీవితాంతం వచ్చే డబ్బు అది. అంకెలన్నీ ఒక కాగితం మీద వేసి మెయిల్ చేశాను. 55 దాకా ఆగితే ఎంత, ఇప్పుడే చేసుకుంటే ఎంత, ఇద్దరి జీతాలతో ఆ తేడా ఎలా పూడుతుంది, అన్నీ రాశాను.

రెండు రోజులకి జవాబు వచ్చింది: "తొమ్మిదేళ్ళు ఆగలేనండీ. జూన్‌లో రిజిస్ట్రేషన్ పెట్టుకున్నాం. డీఫాస్‌కి ఏ ఫారం పంపాలో చెప్పండి."